తాడులో లేని ఇల్లు

ధర్మారావుకి 'ఊ చానే' అని పేరు పెట్టింది నేనే. ఊ అంటే గారు, కాబట్టి మర్యాదకేమీ లోటు చెయ్యలేదు. బర్మా మాటల్లో చానే అంటే మధ్యలో ఉండటం, ఏ పక్కా చేరకపోవడం. రేడియోలో తటస్థ దేశం అనడానికి వాళ్ళు వాడే మాట అదే. దానికే ఇంకో అర్థం కూడా ఉంది, వింటూ ఉండటం. రెండూ ఒకేలా పలుకుతారు, ఒకేలా రాస్తారు. చానేదే అంటే ఏ పక్కా లేననీ అవుతుంది, వింటున్నాననీ అవుతుంది. ఏది ఎప్పుడో ఎదుటివాడే చూసుకోవాలి.

మాది పజుండౌంగ్ కాలవ దగ్గర పాత మేడ. కింద నా దోసెల కొట్టు, దాని వెనక గదిలో నేనూ నా మనవడు గోపీకృష్ణా. మొదటి అంతస్తులో ధర్మారావు, భార్య వీరలక్ష్మి, సెల్‌ఫోన్లు బాగుచేసే కొడుకు అమర్. రెండో అంతస్తులో ఢిల్లేశ్వరరావు, అతని కొడుకు ధనరాజ్. మూడోది యర్రయ్యది. వాళ్ళు గంజాం వాళ్ళు, ఇంట్లో ఒడియా, మెట్ల మీద తెలుగు. అన్నిటికంటే పైన అచ్చమ్మ, ఒక్కతే.

రంగూన్‌లో అన్ని మేడలకీ ఉన్నట్టే మాకూ ప్రతి బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. కింద కొసకి క్లిప్పు, పైన కొసకి గంట. పొద్దున్నే దోసెల పొట్లం క్లిప్పుకి తగిలించి ఒక్క లాగు లాగితే పైన గంట మోగుతుంది, వాళ్ళు చేదుకుంటారు. మోకాళ్ళు అరిగిన నాకు ఈ తాళ్ళే కాళ్ళు.

ధర్మారావు చాలా ఏళ్ళు ఒక స్విస్ ఇంజనీరు దగ్గర కారు డ్రైవరు. ఆ దొర వెళ్ళిపోతూ మంచుకొండల క్యాలెండరు ఒకటీ, బోలెడు కబుర్లూ వదిలి వెళ్ళాడు. క్యాలెండరు గోడ మీద పాతబడింది గానీ కబుర్లు పాతబడలేదు. నా కొట్టు బల్ల మీద కూర్చుని, దోసె చల్లారిపోతున్నా చెబుతూనే ఉండేవాడు. యూరప్‌లో రెండు యుద్ధాలు జరిగినా స్విట్జర్లాండ్ జోలికి ఎవడూ పోలేదట. ఆస్ట్రియా ఏ కూటమిలోనూ చేరనని చట్టమే రాసుకుందట. ఐర్లాండ్ అంతేనట. స్వీడన్ రెండొందల ఏళ్ళుగా ఎవరి పక్కా చేరలేదట. తన తాత కూడా అలాంటివాడేనట. శ్రీకాకుళం నుంచి వచ్చి రేవులో మూటలు మోసిన ఆ తాత తెల్లోడి పక్కా చేరలేదు, జపానోడి పక్కా చేరలేదు, అందుకే మిగిలాడట. నాకు తెలిసి మనవాళ్ళంతా కాలినడకన ఇండియాకి పారిపోతుంటే ఆ తాత మిగిలింది కాలు విరిగి నడవలేక. ఆ మాట అంటే ధర్మారావు వినిపించుకునేవాడు కాదు. వినిపించుకోకపోవడం అతనికి బాగా అలవాటు.

ఆ అలవాటు సంగతి అచ్చమ్మకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. సైన్యం గద్దెనెక్కిన ఏడు, సాయంత్రం కాగానే జనం నిరసనగా బాల్కనీల్లో గిన్నెలు, పళ్ళాలు మోగించే రోజుల్లో, అచ్చమ్మ కొడుకు సూరి వీధిలో సైనికులకి దొరికిపోబోయి మేడలోకి పరిగెత్తాడు. వెనక బూట్లు. మెట్లెక్కగానే వచ్చే మొదటి తలుపు ధర్మారావుది. సూరి ఆ తలుపు కొట్టాడు. రెండు చేతులతో కొట్టాడు, పేరు పెట్టి పిలిచాడు. కింద నేను విన్నాను, పైన వాళ్ళమ్మ వింది. తలుపు తెరుచుకోలేదు. అక్కడే పట్టుకుని లారీ ఎక్కించారు.

ఆ తరవాత సూరి జాడ లేదు. ఇన్సేన్ జైల్లో ఉన్నాడని ఎవరో అంటే అచ్చమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని రైల్లో వెళ్ళేది, అలాంటి పేరుగలవాడు లేడంటే అదే క్యారేజీ పట్టుకుని వచ్చేది. ధర్మారావు మాత్రం ఒక్కటే మాట మీద ఉన్నాడు. రేడియో పెట్టుకుని ఉన్నాను, వినబడలేదు. వీరలక్ష్మి అప్పటినుంచి మెట్ల మీద అచ్చమ్మ ఎదురైతే కొంగు సర్దుకుంటూ గోడవైపు చూసేది.

మూడేళ్ళకి, ఫిబ్రవరిలో, కుర్రాళ్ళు తప్పనిసరిగా సైన్యంలో చేరాలనే చట్టం అమల్లోకి తెస్తున్నామని రేడియోలో చెప్పారు. వార్డుల్లో చీటీలు తీస్తున్నారు. చీటీలో పేరు రాకపోయినా వీధిలో దొరికినవాణ్ణి ఎక్కించుకుపోతున్నారు. మా మేడలో ముగ్గురు కుర్రాళ్ళు: ధనరాజ్, గోపీకృష్ణ, అమర్.

ఉపాయం ఢిల్లేశ్వరరావుది. నా వెనక గదికి కూడా ఒక గంటా తాడూ పెట్టి, తాళ్ళన్నీ తెచ్చి నా పొయ్యి పక్కన ఒక ఇనప రింగుకి కట్టాలన్నాడు. వార్డువాళ్ళు మలుపు తిరగడం నా కళ్ళబడగానే నేను రింగు లాగుతాను, అన్ని ఇళ్ళల్లో గంటలు మోగుతాయి. కుర్రాళ్ళు వెనక ఇనప మెట్ల మీదుగా పైకి పోతారు. డాబా మీదికి దారి అచ్చమ్మ వంటింట్లోంచే. ఆవిడ తలుపు తీస్తే డాబా, పక్క మేడ డాబా, అటు దిగితే కాలవ గట్టు. ఆవిడ తీయకపోతే ఆ ఇనప మెట్లు ఎక్కడికీ పోవు. అచ్చమ్మని అడగడానికి మేమందరం వెళ్ళాం. సూరికి తియ్యని తలుపు మీ గుంటలకి నాను తీస్తానంది, ఇంకేమీ అడగలేదు.

ధర్మారావుని కూడా పిలిచాం. నవ్వాడు.

"ఇదేటి, నాటోవా? రేపు వార్డోళ్ళొచ్చి ఈ తాళ్ళేటని అడిగితే అందరూ ఒకేసారి పోతారు. ఏ పక్కా లేనోణ్ణి ఎవుడూ ముట్టుకోడు. స్విట్జర్లాండ్‌ని సూడు."

స్విట్జర్లాండ్ వాళ్ళకి ఇంటింటికీ నేలకింద బంకరుంటుందని నువ్వే చెప్పావు కదా, నీ ఇంటి కింద భాగ్యవతి దోసెల పొయ్యి తప్ప ఏముంది అని ఢిల్లేశ్వరరావు అడిగాడు. ధర్మారావు అది వదిలేసి నాటో ఎలా నడుస్తుందో చెప్పడం మొదలెట్టాడు. ఒక్కరి మీద దెబ్బ పడితే అందరి మీదా పడ్డట్టేనట. కొత్తవాడు చేరాలంటే ఉన్నవాళ్ళందరూ సరేననాలట. ఒక్కడు కాదన్నా ఆగిపోతుందట. స్వీడన్ చేరతానని అడిగి రెండేళ్ళు కావొస్తోంది, టర్కీ మొన్నటిదాకా ఆపింది, ఇప్పుడు హంగరీ ఆపుతోంది, ఇదొక పద్ధతా అని వెక్కిరించాడు. పద్ధతి బాగానే ఉందే అన్నాడు ఢిల్లేశ్వరరావు. మేము అదే పెట్టుకున్నాం. తాడులో కొత్త ఇల్లు చేరాలంటే నాలుగిళ్ళూ సరేననాలి. ఆ రూలు మాకు నేర్పింది ధర్మారావే.

అలా నాలుగు తాళ్ళు రింగులో చేరాయి. ధర్మారావు ఆకుపచ్చ నైలాన్ తాడు ఒక్కటీ పక్కన విడిగా వేలాడుతూ ఉండేది.

మార్చిలో స్వీడన్ కూడా చేరిపోయిందని రేడియో చెప్పింది. ఫిన్లాండ్ అంతకుముందు ఏడే చేరింది. ఆ పొద్దున ధర్మారావు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు గానీ దోసె ముట్టుకోలేదు. రెండొందల ఏళ్ళు ఉన్నోడు కూడా భయపడ్డాడు, భాగ్యవతీ అన్నాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వాను కూడా. అంతలో పక్కవీధి కుర్రాణ్ణి టీకొట్లోంచే తీసుకుపోయారని తెలిసింది. అమర్‌ని కాలవ అవతల తాకేటాలో చుట్టాలింటికి పంపేద్దామంటే వంతెన మీద తనిఖీలు. ఏప్రిల్ రాకుండానే ధర్మారావు మమ్మల్ని అడిగాడు, తాడులో చేర్చుకోండని.

ఢిల్లేశ్వరరావు సరేనన్నాడు. యర్రయ్య సరేనన్నాడు. నేనూ సరేనన్నాను. అచ్చమ్మ కాదనలేదు. చూద్దాంలే అంది.

ధర్మారావు పైకి వెళ్ళి, అక్క వరస కలిపి అప్పా అప్పా అంటూ బతిమాలాడు. అచ్చమ్మ ఒక పని చెప్పింది. రోజూ పొద్దున్నే వచ్చి నా వీధి తలుపు కొట్టు, సూరి నీ తలుపు ఎలాగ కొట్టినాడో అలాగే కొట్టు, నాను లోపల కూకుంటాను, ఇనబడిన రోజున తీస్తాను అంది.

అమాయకంగానే మొదలెట్టాడు పాపం. మొదటి రోజు వేళ్ళతో కొట్టాడు. లోపలినుంచి అచ్చమ్మ గొంతు మెట్లన్నీ దిగి నా పొయ్యిదాకా వచ్చింది.

"ఇనబడ్లేదు ధర్మారావా. రేపు రా."

మర్నాడు పిడికిలితో కొట్టాడు. ఇనబడ్లేదు. ఆ మర్నాడు రెండు చేతులతో కొట్టాడు. ఇనబడ్లేదు. తలుపు పై గోడ సున్నం రాలి చొక్కా మీద పడితే అలాగే దిగి వస్తుంటే చూసేదాన్ని. ఆ ఇనబడ్లేదు అనే మాట కోసం మేడ మేడంతా పొద్దున్నే చెవులు రిక్కించుకుని కూర్చునేది. ధనరాజ్ దాన్ని అనుకరించి నవ్వించేవాడు. ఇంకో కుర్రాడు చేరితే వెనక మెట్ల మీద తొక్కిసలాట అవుతుందని యర్రయ్య నా దగ్గర గొణిగాడు. ఢిల్లేశ్వరరావు రూలు రూలే అన్నాడు. అచ్చమ్మ ఒక్కతే అడ్డం పడుతోందని అందరం చెప్పుకునేవాళ్ళం. అలా చెప్పుకోవడం మా అందరికీ హాయిగానే ఉండేది.

అమర్ మాత్రం ఇదేమీ పట్టించుకునేవాడు కాదు. కరెంటు లేక పంపు ఆగినప్పుడల్లా కింది నుంచి అచ్చమ్మకి నీళ్ళ బకెట్టు మోసేది వాడే. ఎప్పటినుంచో వాడే. నాన్న మానెయ్యమన్నా మానలేదు. పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు, మోకాళ్ళకి రాజకీయాలు తెలీవు కదా అనేవాడు. అచ్చమ్మ ఆ నీళ్ళు తీసుకునేది. అప్పుడప్పుడు బెల్లం ముక్క చేతిలో పెట్టేది. అందుకే మేమంతా ఈ కథ చివరికి మంచిగానే తేలుతుందనుకున్నాం.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున ధర్మారావు తలుపు కొట్టడం ఎంతసేపటికీ ఆగలేదు. అచ్చమ్మ ఇనబడ్లేదంటోంది, అతను కొడుతూనే ఉన్నాడు. మేమందరం మెట్ల మీదికి చేరాం. వీరలక్ష్మి కూడా వచ్చింది. ధర్మారావు నుదురు తలుపుకి ఆనించి అన్నాడు:

"ఇన్నానప్పా. ఆ దినం ఇన్నాను. సూరి నా పేరు పెట్టి పిలిసినాడు. ఈరలచ్మి తీస్తానంటే నానే సెయ్యి పట్టుకున్నాను. ఇన్నాను."

తలుపు తెరుచుకుంది. అన్నాళ్ళలో మొదటిసారి. అచ్చమ్మ అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. వీరలక్ష్మి ఏడుస్తోంది. ఢిల్లేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు, నేను ఆకుపచ్చ తాడు రింగుకి ఏ ముడి వెయ్యాలా అని ఆలోచిస్తున్నాను.

అచ్చమ్మ చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"రేడియో పెట్టుకున్నానన్నావు. ఏమో, నిజంగానే ఇనబడ్లేదేమో అని ఇన్నేళ్ళూ ఓ మూల అనుకుంటానే ఉన్నాను. ఆ మూల ఉంది కాబట్టే సూద్దాంలే అన్నాను. రేపో ఎల్లుండో సరేనందునేమో. ఇప్పుడా మూల కూడా లేదు. కాదు, అదే నా మాట."

తలుపు వేసేసింది. గొళ్ళెం చప్పుడు అందరికీ వినబడింది.

నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, దాచుకోను. కొడుకు కోసం పరువు తీసుకెళ్ళి గుమ్మంలో పోసినవాణ్ణి అలా పంపుతారా? మరుక్షణం ధర్మారావు మీద కోపం వచ్చింది. సూరి గొంతు నాకు ఇప్పటికీ గుర్తే. రెండు కోపాల మధ్య కిందికి దిగొచ్చి పిండి రుబ్బుకున్నాను. ఆకుపచ్చ తాడుని దొంగతనంగా రింగుకి కట్టేద్దామా అని ఒకసారి అనిపించింది. కానీ గంట మోగినంత మాత్రాన ఏమవుతుంది, తలుపు కదా తెరుచుకోవాల్సింది.

వార్డువాళ్ళు ఒక రోజు పట్టపగలే వచ్చారు. పొద్దున కరెంటు పోయింది, అమర్ బకెట్టు పట్టుకుని వెనక మెట్లెక్కుతున్నాడు. నేను యర్రయ్య తాడుకి పొట్లం తగిలిస్తున్నాను. మలుపులో లారీ ఆగింది, వార్డు పెద్ద ముందు దిగాడు, వెనక తుపాకులవాళ్ళు దిగారు. రింగు లాగాను. నాలుగిళ్ళల్లో గంటలు మోగాయి. ఆకుపచ్చ తాడు కూడా లాగాను. లాగకూడదని రూలేమీ లేదు.

పైన ఏం జరిగిందో తరవాత గోపీకృష్ణ చెప్పాడు. వాడూ ధనరాజూ రెండేసి మెట్లు ఎక్కుతూ అమర్‌ని దాటి వెళ్ళారు. అచ్చమ్మ వంటింటి తలుపు తీసుకుని నిలబడి ఉంది. ఇద్దరినీ లోపలికి లాగింది. ఆవిడ భుజం మీదుగా గోపీకృష్ణ వెనక్కి చూస్తే అమర్ పై మెట్టు మీద ఉన్నాడు, చేతిలో బకెట్టు, నవ్వు మొహం. అచ్చమ్మ తలుపు మూసి గొళ్ళెం పెట్టి, వీళ్ళని డాబా వైపు తోసింది. వీళ్ళు పరిగెత్తారు.

అమర్ తలుపు కొట్టడం మేడంతా విన్నాం. మొదట మెల్లిగానే కొట్టాడు.

"పెద్దమ్మా, నానే, అమర్‌ని. నీల్లు తెచ్చినాను."

తరవాత రెండు చేతులతో కొట్టాడు. లోపలినుంచి ఇనబడ్లేదన్న మాట కూడా రాలేదు. అక్కడినుంచి దిగి యర్రయ్య వెనక తలుపు కొట్టాడు. ఢిల్లేశ్వరరావు వెనక తలుపు కొట్టాడు. అందరూ అనుకున్న ప్రకారం తలుపులు వేసుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉన్నారు. తన ఇంటి వెనక తలుపు దాకా వచ్చేసరికి ఇంట్లో బూట్ల చప్పుడు వినబడింది. ఇంకా కిందికి దిగి నా వెనక తలుపు కొట్టాడు. నేను కొట్టు ముందు ఉన్నాను. వార్డు పెద్ద బల్ల మీద కూర్చున్నాడు, ఆయనకి దోసె వేస్తున్నాను. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. నేను పెనం మీద నూనె వేశాను, అది చుయ్యిమంది.

అమర్‌ని వెనక సందులోంచి తిప్పి తీసుకొచ్చారు. ఒక చెప్పు లేదు. లారీ ఎక్కేముందు నా కొట్టు వైపు ఒకసారి, పైకి ఒకసారి చూశాడు. ధర్మారావు బాల్కనీలోంచి వీధిలోకి పరిగెత్తుకొచ్చి చేతులు జోడించాడు. వార్డు పెద్ద ఎంతో మర్యాదగా, ఊ ధర్మారావు, మీరు ఏ గొడవల్లోనూ లేరని మాకు తెలుసు, అందుకే మీ ఇంట్లో సామాను ముట్టుకోవద్దని చెప్పాను అన్నాడు. మూతి తుడుచుకుని లారీలో ముందు సీట్లో కూర్చున్నాడు.

లారీ వెళ్ళాక ధర్మారావు పైకి వెళ్ళాడు. నేనూ రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ వెనకాలే ఎక్కాను. ఎన్నేళ్ళయిందో నేను ఆ మెట్లెక్కి. ఆ రోజు తలుపు కొట్టాల్సిన పని లేకపోయింది. వీధి తలుపు బార్లా తీసే ఉంది. అచ్చమ్మ వంటింట్లో చాట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. వెనక తలుపు గొళ్ళెం తీసి ఉంది. నీళ్ళ బకెట్టు లోపలికి తెచ్చి పొయ్యి పక్కన పెట్టుకుంది, మూత కూడా పెట్టింది.

ధర్మారావు అరవలేదు. గుమ్మంలో కూలబడి అడిగాడు:

"గుంటడు తలుపు కొట్టినాడు కదప్పా. నీకు ఇనబడ్లేదా?"

అచ్చమ్మ ఒక రాయి ఏరి పక్కన పడేసింది. తలెత్తి అతన్ని చూసి, బర్మాలో చెప్పింది.

"చానేదే."